రూపాయికి ఎన్ని మార్కులు

ఓబులేశుకు వచ్చిపడిన చిక్కు ఇది: ఏ సీపీయూను ముందు పెట్టుకున్నా మార్కులు పడటం లేదు.

బడిపిల్లల మార్కులు కావు లెండి. కర్నూల్లో ఒక ఇరుకు సందులో ఖాసీం సాహెబు అంగడి ఉంది. పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి, చవకగా అమ్ముతారు. కాలేజీలూ ఆఫీసులూ వదిలించుకున్న సీపీయూలు గోనెపట్టాల్లో మూటగట్టుకుని వస్తాయి. ఒక్కోదాంట్లో ఉండే ప్రాసెసరు, అంటే పెట్టెనంతా నడిపే చిప్పు, ఎంత చురుగ్గా ఉందో చూడటానికి ఒక ప్రోగ్రాం ఉంది. అది చిప్పుకు ఊపిరాడనంత పని పెట్టి, చివర్లో ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెనే అక్కడ పనిచేసే ఓబులేశు మార్కులంటాడు.

మార్కులంటే అతనికి ప్రాణం. అంగడి గోడకు ఒక నల్లబోర్డు తగిలించి, ఏ పాత చిప్పుకు ఎన్ని మార్కులు, ధరెంత, రూపాయికి ఎన్ని మార్కులు గిట్టుతాయి అని సుద్దముక్కతో రాసిపెట్టాడు. కొనేవాళ్ళు నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళు. "కోర్లంటే చిప్పుకు చేతుల్లాంటివి సార్. నాలుగున్నాయని ఎగబడొద్దు. అది ముసలి నాలుగు. దాని తర్వాత పుట్టిన ఈ రెండు కోర్లది మీ బిల్లుల పనికి దానికంటే ముందుంటాది, కరెంటూ తక్కువ తాగుతాది" అని చెబితే, విన్నవాడు తలాడించి మారుమాట లేకుండా కొనుక్కుపోయేవాడు. చెప్పేది నిజమే, అందులో వంక పెట్టడానికి లేదు. కాకపోతే నిజం చెప్పేవాళ్ళకు ఒక జబ్బుంటుంది, అడగని చోట కూడా చెప్తారు.

ఓబులేశు కూడా ఒకరోజు అట్లాగే చెప్పాడు.

ఖాసీం సాహెబు దగ్గర పని నేర్చుకుని, అక్కడే నిలిచిపోయిన శిష్యులు ఇద్దరు. ఓబులేశు ఒకడు, వయసులో పెద్దవాడైన మద్దిలేటి ఇంకొకడు. మూటలోంచి తీసిన పెట్టె మొదట మద్దిలేటి బల్ల మీదికి వెళ్ళాలి. అక్కడ విప్పి, దుమ్ము దులిపి, తుడిచి, సరిచేసి ఓబులేశు బల్ల మీదికి తోస్తాడు. మద్దిలేటి మొదట్నుంచీ నిదానం మనిషి. ఈ వానాకాలం నుంచి మరీ నిదానించాడు. గుడ్డపీలిక చేతపట్టుకుని ఒక్క పెట్టె ముందే ఎంతోసేపు కూర్చుండిపోయేవాడు.

ఆ రోజు అంగడిలో కొనేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన "మాది ఇంకా కాలేదా?" అని విసుక్కున్నాడు. ఓబులేశు బోర్డు వైపు చెయ్యి చూపించి, "జీతానికీ పనికీ లెక్కేస్తే, రూపాయికి వచ్చే మార్కుల్లో మా మద్దిలేటన్న ఈ బోర్డుకు అట్టడుగున ఉంటాడు సార్. ఏం చేస్తాం" అన్నాడు. అందరూ నవ్వారు. భలే నవ్వించాననుకుని ఓబులేశూ నవ్వాడు.

మద్దిలేటి నవ్వలేదు, కోప్పడలేదు. గుడ్డపీలిక మడిచి బల్ల మీద పెట్టాడు. చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. కానీ ఓబులేశు మనసు ఒప్పుకుంటేనా? తనేమన్నాడు, ఉన్న మాటే కదా. ఉన్న మాటంటే అంత ఉలుకెందుకు? ఇట్లా తనకు తానే సర్దిచెప్పుకుంటూ తిరిగాడు.

ఆ మాట అన్న వేళ ఖాసీం సాహెబు నమాజుకు పోయున్నాడు. తిరిగొచ్చి ఖాళీ స్టూలు చూశాడు, ఓబులేశు ముఖం చూశాడు, పోయి తన కుర్చీలో కూర్చున్నాడు. తిడతాడని ఓబులేశు కాచుకున్నాడు. తిట్టు పడుంటే ఆ పూటతో పోయేది. శిష్యులిద్దరూ ఉస్తాద్ అని పిలుచుకునే ఆ పెద్దాయన ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఆ సంగతి ఎత్తలేదు.

ఓబులేశుకు ఇల్లూ వాకిలీ అంటూ ఏమీ లేదు. అద్దె గది, మెస్సు కూడు, అంగడి. రోజంతా అతను మాట్లాడేది మద్దిలేటితోనే. మాట్లాడేదేముంది, "అన్నా, చూడు, ఈ ముసలి పెంటియం ఎట్లా పరిగెడుతుందో" అంటాడు. మద్దిలేటి "ఊఁ" అంటాడు. "అన్నా, దీనికంటే అదే నయం" అంటాడు. "ఊఁ" అంటాడు. అంతే. ఇప్పుడు ఆ ఊఁ లేదు. ఊకొట్టే మనిషి లేకపోతే కథ చెప్పేవాడి నోరు దానంతటదే మూసుకుంటుంది. మధ్యాహ్నం డబ్బా విప్పితే ఇంకా కష్టం. ఇన్నేళ్ళూ మద్దిలేటి తన జొన్నరొట్టె సగం తుంచి, దాని మీద శెనక్కాయల పొడి వేసి, మాటా పలుకూ లేకుండా ఇటు జరిపేవాడు. ఆ రొట్టె తిన్నన్నాళ్ళూ ఓబులేశుకు అదొక విషయంగానే తోచలేదు. ఇప్పుడు మెస్సు అన్నం సగం డబ్బాలోనే మిగిలిపోతోంది. అంగడి నిండా జనం ఉన్నా ఒక్కడే కూర్చున్నట్టుంది. అతనికి మద్దిలేటి కావాలి. ఆ మాట పైకి అనడానికి నోరు రావడం లేదు.

సరిగ్గా అప్పుడే మార్కుల చిక్కు మొదలైంది.

మూతపడిన కాలేజీ ఒకటి తన ల్యాబును ఖాళీ చేస్తే, ఆ సరుకు వచ్చింది. అన్నిట్లోనూ మూడో తరం ఐత్రీ రకం చిప్పులే. అదే నంబరు చిప్పుకు అంతకుముందు పడ్డ మార్కులు బోర్డు మీద ఉన్నాయి. ఇప్పుడు అందులో సగానికి కాస్త పైన పడుతున్నాయి, అంతే. ఒకటి కాదు, రెండు కాదు, మూట మూటంతా అదే వరస. ర్యామ్ మార్చాడు. పవర్ సప్లయి మార్చాడు. విండోస్ మళ్ళీ ఎక్కించాడు. చివరికి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సరుకు తెచ్చినవాణ్ణి తిట్టుకున్నాడు.

చిప్పు మరీ వేడెక్కితే, కాలిపోకుండా తన్ను తానే కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఇది ఓనమాలు. ఓబులేశుకు తెలియక కాదు. చిప్పు నెత్తిన దాని వేడిని లాగి బయటికి పంపే అల్యూమినియం దిమ్మె ఒకటి ఉంటుంది, దాని మీద ఫ్యాను. ఆ దిమ్మె మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. సరే, వేడి సంగతి కాదులే అని వదిలేశాడు.

ఇక లాభం లేదని ఉస్తాద్ దగ్గరికి పోయాడు.

"ఉస్తాద్, ఈ సరుకు దండగ. తూకానికి వేసేద్దాం."

"దండగని ఎవరు చెప్పినారు?"

"మార్కులు చెప్తాండాయి."

ఖాసీం సాహెబు కుర్చీలోంచి లేచాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, మెల్లగా నడిచి వచ్చి మద్దిలేటి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చోవడం చూడలేక ఓబులేశు తెర వైపు తిరిగాడు.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు ఉస్తాద్.

ఓబులేశు పరీక్ష పెట్టాడు. చిప్పు పని మొదలుపెట్టింది. ఫ్యాను రొద చేస్తోంది.

"ముట్టుకో."

"ముందే ముట్టుకున్నా ఉస్తాద్. చల్లగుంది."

"మళ్ళా ముట్టుకో."

ఓబులేశు దిమ్మె మీద అరచెయ్యి ఆనించాడు. "చల్లగానే ఉంది."

ఉస్తాద్ కరెంటు ఆపాడు. నాలుగు మూలలా ఉన్న మరలు తిప్పి, దిమ్మెను పైకి లేపి పక్కన పెట్టాడు. కింద చిప్పు బయటపడింది.

"ఇప్పుడు దాన్ని ముట్టుకో."

ఓబులేశు వేలు పెట్టాడు. పెట్టినంత వేగంగా వెనక్కి లాక్కున్నాడు. వేలి కొస చుర్రుమంది.

చిప్పుకూ దిమ్మెకూ నడుమ పూసే పేస్టు ఉంటుంది. లోపలి వేడి పైకి రావడానికి దారి అదొక్కటే. ఆ పేస్టు ఏళ్ళ తరబడి ఎండి, పాత గోడ సున్నంలాగా పెచ్చులు లేచి ఉంది. కింద చిప్పు కాలిపోతున్నా, పైన చెయ్యి పెట్టినవాడికి చల్లగానే తగులుతుంది.

ఖాసీం సాహెబు బల్ల మీద మడిచి ఉన్న గుడ్డపీలిక తీసుకున్నాడు. దాన్ని స్పిరిట్‌లో తడిపి తుడవడం మొదలుపెట్టాడు. తొందరేమీ లేదు. పెచ్చులన్నీ పోయాక ఇంకా తుడిచాడు. చిప్పు వెండి బిళ్ళలాగా మెరిసేదాకా తుడిచి, పెసరగింజంత కొత్త పేస్టు పెట్టి, దిమ్మెను మళ్ళీ బిగించాడు.

"పెట్టు."

ఈసారి మార్కులు పడ్డాయి. బోర్డు మీద ఎన్నున్నాయో అన్నీ పడ్డాయి. ఉస్తాద్ తెర వైపు కూడా చూడలేదు. ఓబులేశు చూసి, అలవాటు చొప్పున "అన్నా, చూడు" అనబోయి ఆగిపోయాడు.

గోనెపట్టాలోంచి వచ్చిన పెట్టె ఇన్నేళ్ళూ నేరుగా తన బల్ల మీదికి రాలేదు. ఆ సంగతి ఇప్పుడు తట్టింది. గోడమీద రాసుకున్న మార్కులన్నీ మద్దిలేటి చేతి మీదుగా వచ్చినవే.

"పేస్టంతా అన్నే మారుస్తాండెనని నాకు చెప్పలేదు ఉస్తాద్."

"నువ్వు అడగలేదు."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఓబులేశు కాలిన వేలిని అరచేతిలో దాచుకుని తలొంచుకున్నాడు. 

"అన్న ఇల్లు యాడ ఉస్తాద్?"

ఖాసీం సాహెబు అతని ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు. జాలిగా చూశాడంటే కూడా తప్పే.

"బుధవారపేటలో. పో, అడుగు. అడిగితే చెప్తారు."

ఓబులేశు అట్లాగే బయల్దేరాడు. ఎండ ఇంకా దిగలేదు.

బుధవారపేటకు పోయాక గానీ అసలు కష్టం తెలియలేదు. కర్నూల్లో మద్దిలేటీ అని పిలిస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. ఇంటిపేరు తెలియదు. వీధి తెలియదు. భార్య పేరు తెలియదు. పక్కపక్కన కూర్చుని ఇన్నేళ్ళు రొట్టె పంచుకు తిన్నవాడి గురించి తనకు తెలిసింది ఎంతో అప్పుడు చూసుకున్నాడు ఓబులేశు. సిగ్గనిపించింది. ఏ ఊరో కాని ఊళ్ళో తప్పిపోయినట్టు ఆ సందుల్లో తిరిగాడు.

ఒక ఇంటి అరుగు మీద ఒకామె చేటలో బియ్యం చెరుగుతోంది. ఆమె దగ్గర ఆగాడు.

"అమ్మా, మద్దిలేటన్న ఇల్లు ఏది?"

"ఏ మద్దిలేటప్పా? ఆటో మద్దిలేటా, సున్నాల మద్దిలేటా?"

"కంప్యూటర్ల పనమ్మా."

"అవన్నీ నాకేం తెలుసు."

ఓబులేశుకు ఇంకేం చెప్పాలో తోచలేదు. "నిదానంగా ఉంటాడమ్మా. పెద్దగా మాట్లాడడు. ఏమన్నా ఊఁ అంటాడు" అన్నాడు.

ఆమె చేట కింద పెట్టింది.

"బిడ్డ పోయిన మద్దిలేటా?"

"బిడ్డా?" అన్నాడు ఓబులేశు.

"ఒక్కటే బిడ్డ. వానలప్పుడు జరమొచ్చి పాయె. బంగారట్లా ఉండె పిల్ల" అంది ఆమె. "నువ్వు వాళ్ళ అంగడి మనిషివేనా? మీకు తెల్దా?"

ఓబులేశుకు ఆ రోజులు గుర్తొచ్చాయి. వానాకాలంలో మద్దిలేటి కొన్నాళ్ళు అంగడికి రాలేదు. మళ్ళీ వచ్చిన రోజు ఓబులేశు తల కూడా ఎత్తకుండా, "ఏమన్నా, అత్తగారింట్లో బాగా మేపినట్టుండారే" అన్నాడు. మద్దిలేటి ఆ రోజు కూడా "ఊఁ" అనే అన్నాడు. తన బల్ల దగ్గర కూర్చుని, గుడ్డపీలిక చేతిలోకి తీసుకున్నాడు.

ఆమె చేత్తో చూపించింది. "ఆ మూల మీద, నీలం తలుపు."

మద్దిలేటి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పనేమీ లేదు. ఓబులేశును చూసి లేవబోయాడు.

"రాప్పా. కూర్చో. నీళ్ళు తాగుతావా?"

ఓబులేశు దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు చాలా ఉన్నాయి. తప్పయిందన్నా అనాలనుకున్నాడు, ఉస్తాద్ రమ్మన్నాడని చెబుదామనుకున్నాడు. అవన్నీ వదిలేసి, మంచం కోడు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇంట్లోంచి ఏ చప్పుడూ రావడం లేదు.

తలెత్తి అడిగాడు.

"పాప పేరేందన్నా?"

మద్దిలేటి అతని వైపు చూశాడు. తర్వాత వీధి వైపు చూశాడు. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

ఆ పేరు చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఓబులేశు తొందరపెట్టలేదు.