రెక్క మీద లక్ష్మీరేఖ

అనగనగా ఒక కొండసీమ. ఆ సీమలో చెంగల్రాయుడనే పూల వర్తకుడు ఉండేవాడు. కొండకు ఇవతల మల్లెతోటలు, అవతల పట్నం. బండికెత్తితే పూలు దారిలోనే వాడిపోయేవి. అందుకని రాయుడు ఉన్నదంతా ఊడ్చి ఒక చిన్న విమానం కొన్నాడు. అందులో ఒక్క మనిషికే చోటు, మిగతాదంతా పూలబుట్టలకే.

దాన్ని నడిపేది అతని తమ్ముడు మునెయ్య. తల్లి పోతూ పోతూ మునెయ్య చెయ్యి పట్టి రాయుడి చేతిలో పెట్టింది. తమ్ముడంటే రాయుడికి పంచప్రాణాలు. వాడు గాలిలో ఉన్నంతసేపూ అన్నకు ముద్ద దిగేది కాదు.

ఆ భయం కొద్దీ విమానం షెడ్డులో రాయుడు ఒక కట్టడి పెట్టాడు. అక్కడ ఎవరూ అశుభం పలకకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట, మనం ఏమన్నా సరేననేస్తారట. అందుకని ఆ షెడ్డులో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. నూనె అయిపోదు, నిండుకుంటుంది. బియ్యం డబ్బా దగ్గర ఇల్లాళ్లు అనే మాటలే ఇవి, తప్పేమీ లేదు. కానీ బియ్యం డబ్బా ఆకాశంలో ఎగరదు కదా!

విమానాన్ని చూసుకునే ముసలి మెకానిక్కు చూపు మందగించి పని మానుకున్నాడు. కొత్త మెకానిక్కు కావాలని రాయుడు చాటింపు వేయించాడు. ముగ్గురొచ్చారు.

మొదట వచ్చినవాడు వీరాచారి. పనిమంతుడే. విమానం చుట్టూ తిరిగి, రెక్కను మోసే ఇనుప కడ్డీ దగ్గర ఆగాడు. ఒంగి చూశాడు. అతని ముఖం మాడిపోయింది. షెడ్డు కట్టడి ముందే విని ఉన్నాడేమో, నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

"ఇంటికాడ పనుండాది అయ్యా, మళ్లొస్తా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఇక రాలేదు.

తర్వాత ఓబులమ్మ వచ్చింది. పట్నంలో విమానాల దగ్గర పని చేస్తూనే జుట్టు నెరిసిన మనిషి. మనసు మంచిదే గానీ మాట మెత్తన కాదు. పైగా ఆమె నాలుక మీద నల్లమచ్చ ఉంది. ఆమె ఏమంటే అది జరిగి తీరుతుందని ఊరంతా చెప్పుకునేది. ఆమె కడ్డీ మీద గోరుతో గీసి చూసి, నడుం ఎత్తి నిలబడింది.

"ఇది పగిలింది. మార్చేదాకా ఎగిరించొద్దు. ఎగిరిస్తే రెక్క విరుగుతాది, పిల్లోడు పడతాడు" అంది.

రాయుడు రెండు చెవులూ మూసుకున్నాడు. "ఆ నోటితో ఆ మాట అనొద్దు తల్లీ! వాడు నా తమ్ముడు!"

"తమ్ముడనే చెప్తాండా."

"పో! ముందు బయటికి పో!"

ఆమె వెళ్లిపోయింది. ఆమె నిలబడ్డ చోట రాయుడు పసుపునీళ్లు చల్లించాడు.

మూడోవాడు సుందరేశం. ఇస్త్రీ నలగని బట్టలు, పెదవి చెదరని నవ్వు. కడ్డీ మార్చడం అతనికి చేతకాదు, మాట మార్చడం మాత్రం బాగా చేతనవును. రాయుడు అతనికి కడ్డీ చూపించి, అది పగులేనా అని గొంతు తగ్గించి అడిగాడు.

"పగులా? ఎవరన్నారండీ ఆ పాడుమాట? ఇది లక్ష్మీరేఖ. బరువు మోసే ఇనుముకు ఇలాంటి గీత పడితే ఆ ఇంట సిరి నిలుస్తుంది" అన్నాడు.

గీత రాయుడి కంటికీ కనిపిస్తూనే ఉంది. కానీ ఆ మాట వింటుంటే ఎంత హాయిగా ఉందో! వెంటనే కుంకుమ తెప్పించి ఆ గీత పొడవునా అద్దాడు. సుందరేశానికి పని ఇచ్చాడు.

మొదటిసారి ఎగిరొచ్చిన మునెయ్య, "అన్నా, రెక్క కిర్రుమంటాండాది" అన్నాడు. "పాట పాడుతోందండీ" అన్నాడు సుందరేశం.

రెండోసారి దిగి, "అన్నా, రెక్క వణకతాండాది" అన్నాడు. "ఉత్సాహమండీ, ఉత్సాహం!" అన్నాడు సుందరేశం. గీత పెరిగింది. రాయుడు కుంకుమను ఇంకాస్త పొడిగించాడు.

మూడోసారి పూలబుట్టలన్నీ ఎక్కించాక మునెయ్య విమానం ఎక్కకుండా నిలబడిపోయాడు. "అన్నా, నాకెందుకో ఈరోజు..." అన్నాడు.

రాయుడు గబుక్కున తమ్ముడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "అనొద్దురా నాయనా, బయల్దేరేముందు ఏమీ అనొద్దు" అన్నాడు. పాపం, ప్రేమతోనే అన్నాడు. మునెయ్య చిన్నగా నవ్వి, "సరేలే, పోయొస్తా" అని ఎక్కాడు.

కొండ సగం దాటగానే రెక్క విరిగింది. మేకలు కాసేవాళ్లు మునెయ్యను మంచం మీద మోసుకొచ్చారు. కొండవాలంతా మల్లెలు చెల్లాచెదురుగా పడి ఉన్నా వాటిని ఎవరూ ఏరుకోలేదు. సుందరేశం అప్పటికే ఊరు దాటేశాడు.

కర్మకాండ ముగిశాక రాయుడు ఓబులమ్మ ఇంటికి వెళ్లాడు. "నీ నాలుకే నా తమ్ముణ్ని తినింది! నువ్వు అన్నావు, వాడు పోయినాడు!" అని గుమ్మంలో నిలబడి అరిచాడు.

ఓబులమ్మకు కోపం రాలేదు. ఆమె కళ్లూ ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"నా నాలుకకు అంత మహిమే ఉంటే, 'పగులు అతుక్కోవాల, పిల్లోడు నూరేండ్లు బతకాల' అని ఆ పొద్దే అని ఉండనా నాయనా? మాటకు ఇనుము పగలదు, అతకదు. నువ్వు వినుంటే చాలు, నేను కడ్డీ మార్చేదాన్ని" అంది.

రాయుడు ఆ గడపలోనే కూర్చుని, తమ్ముడి నోటికి అడ్డం పెట్టిన తన చేతిని చూసుకున్నాడు. చివరి రోజున తమ్ముడు ఏం చెప్పబోయాడో అతనికి ఇక ఎన్నటికీ తెలియదు.

కాబట్టి పిల్లలూ, మనవాళ్ల ప్రాణం ఒకరి చేతిలో పెట్టేటప్పుడు చెవికి ఇంపుగా మాట్లాడేవాణ్ని కాదు, ఉన్న ముప్పును ఉన్నట్టు చెప్పేవాణ్ని ఎంచుకోవాలి.