నక్క తలకిందులు చేసిన కరువు కథ

ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను కాస్త తడబడవచ్చు. గుర్తున్నంతా మాత్రం చెబుతాను.

ఆ ఏడు అడవికి వానలు మొహం చాటేశాయి. వాగులన్నీ ఇసుక తేలాయి. నీళ్లున్నది ఒక్క రాళ్ల మడుగులోనే. దాని గట్టున తోడేళ్ల గుంపు తిష్ట వేసింది. అడవి బర్రెల మందకు గండయ్య అనే దున్నపోతు పెద్ద. పెద్దరికం ఇంకా కొత్త. తోడేళ్ల తరఫున అతని దగ్గరికి నక్క రాయబారానికి వచ్చింది. ఒక దూడను ఇస్తే మందంతా తాగి పోవచ్చట. ఏ దూడో కూడా అదే తేల్చేసింది. చంద్రి అనే బర్రెకు పుట్టిన కుంటి దూడ. ఎలాగూ మందతో నడవలేదు కదా అంది.

 చంద్రి దూడను పొట్ట కిందికి తోసుకుంది.

గండయ్య కాలు దువ్వాడు. నక్క నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది.

"అయ్యా, పెద్దల చరిత్ర తెలిసినవారు తమరు. వెనకటి కరువులో తాతగారు ముందు తిరగబడ్డారు. మంద సగమైంది. ఆ తర్వాత బుద్ధిగా ఒక దూడను ఇచ్చారు, అందరూ చల్లగా నీళ్లు తాగారు. తమరు మళ్లీ ఆ మొదటి తప్పుతోనే మొదలెడతారా?"

గండయ్య తల వాలింది. తాత చేసిన పనే తానూ చేస్తే తప్పేముందని మందను అడిగాడు. దాహంతో ఉన్నవాళ్లు తలలూపారు. చంద్రి వైపు ఎవరూ చూడలేదు.

అప్పుడు ముసలి బర్రె పుల్లమ్మ లేచింది. ఆ కరువు చూసినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. పొద్దున మేసిన చోటు మధ్యాహ్నానికి గుర్తుండదు, ఈ అవ్వ మాట పట్టుకుంటారా అని నక్క నవ్వింది.

"నిజమే, మేసిన చోటు మరిచిపోతాను," అంది పుల్లమ్మ. "ఆ నీళ్లు తాగిన రోజు మరవలేదు. పెద్దలంతా కొమ్ములు బయటికి పెట్టి చుట్టూ నిలబడ్డారు. దూడలం మధ్యలో ఉన్నాం. నేను తాగడం మానేసి మా అక్క కోసం వెతికాను. లేదు. దాన్ని అంతకుముందే ఇచ్చేశారు. ఇచ్చిన మర్నాడు తోడేళ్లు ఇద్దరిని అడిగాయి. అప్పుడు లేచాయిరా మీ తాత కొమ్ములు."

ఎప్పటి మాటో అని నక్క గొణిగింది. గండయ్య దాని కళ్లలోకి చూశాడు.

"మా తాత తెగువా నాదే, పొరపాటూ నాదే. ఆ పొరపాటు ఆయన చేసి చూపించాడు, నేను మళ్లీ చెయ్యను. వెళ్లి చెప్పు, వస్తున్నాం. ఆ దూడతో సహా."

మంద చుట్టు కట్టి కదిలింది. వెనక ఉన్నవాళ్లు కొమ్ములు బయటికే ఉంచాలి కనక వెనక్కి వెనక్కి నడిచారు, ఒకరి కాలు ఒకరు తొక్కుతూ, తిట్టుకుంటూ. మధ్యలో కుంటి దూడ. మందంతా దాని నడకకే నడిచింది. ఒక తోడేలు దూకి, పక్కటెముకలు విరిగి పడింది. మిగతావి గట్టు వదిలాయి.

దూడ కడుపు నిండా తాగింది. ఆకలి మీదున్న తోడేళ్లు, దూడను తెస్తానన్న నక్క మీదికి తిరిగాయి. సగం తోకతో పారిపోయిన ఆ నక్క మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

పెద్దలు ఎక్కడ పడ్డారో, ఎలా లేచారో రెండూ అడిగి తెలుసుకున్నవాడే కష్టకాలంలో మందను కాస్తాడు.

ఒరే కామేశం, నేను చెప్పిందంతా రాసుకున్నావు కదా, ముసలి బర్రె పేరు పుల్లమ్మేనా, గురవమ్మా? నువ్వొకసారి పేర్లన్నీ చూసి దిద్దు.