రాజావారి మీసం, ఇంజను మూత

“చెరో ముక్కా శుభ్రం చెయ్యండి. బాగా చేసినవాడికి నా కారు అప్పగిస్తా. రెండోవాడు పొద్దుగూకేలోగా ఊరు విడిచిపోవాలి!” అన్నారు గుమ్మిడిపేట రాజావారు.

సంగతేమిటంటే, కారు ఇంజనుకీ దాని మూతకీ నడుమ ఆవిరి పోకుండా బిగించే పల్చటి రేకు, అదే గ్యాస్కెట్, కాలిపోయింది. ఆ సందులోంచి తన్నుకొచ్చిన ఆవిరి మీద మూడూళ్లవాళ్లం ఇడ్లీలు వేసుకున్నాం. అబద్ధమైతే నాకు మిగిలిన రెండు పళ్లూ రాలిపోవాలి!

కొత్త గ్యాస్కెట్ తెప్పించారు. పాతదేమో ఇనుముని కరుచుకుని వదలదు. దివాణం మెకానిక్కు శేషావతారం, “గరుకు కాగితంతో చితక రుద్దేస్తా” అన్నాడు.

రాజావారికి గడ్డం గీస్తున్న అప్పలకొండ నోరు ఊరుకుంటేగా!

“ఇనుమైనా గడ్డమైనా ముందు నానాలి బాబూ. ఆ తర్వాతే గీకాలి.”

“గడ్డాలు గీసేవాడివి, ఇంజను సంగతి నీకేం తెలుసురా?” అని ఎగిరాడు శేషావతారం.

అదుగో, అలా వచ్చింది పందెం.

శేషావతారం మూత తీసుకుని రుద్దాడు, రుద్దాడు. ఆ మెరుపు చూడలేక సూర్యుడే కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పలకొండ చెత్త లోపల పడకుండా ఇంజను రంధ్రాల్లో గుడ్డలు కుక్కాడు. కిరసనాయిలు పట్టించి, నానాక, కొబ్బరిచిప్ప ముక్కతో మెల్లగా గీకాడు. శుభ్రంగానే ఉంది కానీ, మెరుపు లేదు.

“ప్రభూ, నా పనిలో ముఖం చూసుకోవచ్చు! ఒరే అప్పలకొండా, మూట సర్దుకో!”

రాజావారికి మెరుపంటే ప్రాణం. అప్పటికే తల ఊపేశారు. నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని ఎక్కడికి పోవాలో అప్పలకొండకి తెలియలేదు.

“పోతాను బాబూ. తమరు ఒక్కసారి ఆ మూతలో ముఖం చూసుకోండి.”

రాజావారు వంగారు. కుడి మీసం చెవి దాటి పోయింది. ఎడమ మీసం గడ్డం కిందికి జారింది. ముక్కు గుమ్మడికాయంత!

“ఏమిటీ ఘోరం!”

అప్పలకొండ చేతులు కట్టుకుని అడిగాడు.

“శేషావతారంగారూ, వంకర ప్రభువుల ముఖంలో ఉందా, తమరు రుద్దిన ఇనుములో ఉందా?”

శేషావతారం రాజావారి వంక చూశాడు. ఆయన చెయ్యి మీసం మీద ఉంది.

“ఇ... ఇనుములోనే ప్రభూ!”

“గరుకు కాగితం తవ్విన ఆ గుంటల్లోంచే రేపు మళ్లీ ఆవిరి కొడుతుంది బాబూ,” అన్నాడు అప్పలకొండ.

రాజావారు నవ్విన నవ్వుకి దివాణం పెంకులు నలభై ఎగిరిపోయాయి. కారు తాళం అప్పలకొండ చేతిలో పడింది. శేషావతారం మణుగు బరువున్న మూతని భుజాన వేసుకుని, పట్నంలో చదును చేయించడానికి నడిచాడు.

“వాణ్ణి ఊళ్లో ఉండనివ్వండి బాబూ,” అన్నాడు అప్పలకొండ, “వాడి గడ్డం బాగా పెరిగింది, నేనే గీస్తాను. ముందు నానబెట్టి!”