ఇంద్రసభ తూర్పు తలుపులు

సినిమాహాల్లో కూర్చోగానే తెర వైపే చూస్తావు. బయటికి పోయే తలుపు ఎక్కడుందో ఒక్కసారైనా తల తిప్పి చూశావా? లేదు. పెళ్లాం పిల్లల్ని వెంటేసుకుని వెళ్తావు, అయినా చూడవు. నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కూర్చో.

మా ఊళ్లో ఇంద్రసభ టాకీస్‌ని జమీందారు కట్టించాడు. ఇరవై ఏళ్లు మూతబడి గబ్బిలాల పాలైంది. పడగొట్టి కల్యాణమండపం కడతామన్నప్పుడు అడ్డుపడి నిలబెట్టినవాడు చలమయ్య. నాలుగేళ్లు తిండీ నిద్రా మానుకుని హాలు మొత్తం బాగుచేయించాడు. పని ముగిసింది, ఇక మర్నాడు ఉదయం మొదటి ఆట. పాత మెషిన్ మీద రీలు తనే ఎక్కించాలని అతని కోరిక.

అతనికి ఆ పని నేర్పిన గురువు దస్తగిరి ఉస్తాద్. ముసలివాడు. హాలు చూసి పొమ్మని శిష్యుడు పిలిస్తే ఆట ముందురోజు మధ్యాహ్నం వచ్చాడు.

ఉస్తాద్‌కి ఒక అలవాటు ఉంది. మెషిన్ ముట్టుకునే ముందు పక్క తలుపులన్నీ తన చేత్తో తోసి చూస్తాడు. ఆ రోజూ చూశాడు. తూర్పున నెమళ్లు చెక్కిన టేకు తలుపులు రెండూ కదల్లేదు.

"ఇవి రావేంరా?"

"బయటినుంచి పలక వేసి మేకులు కొట్టించాను ఉస్తాద్. తెరిచినప్పుడల్లా గడపకి రాసుకుని పింఛం రాలిపోతోంది. అలాంటి పనివాడు మళ్లీ పుడతాడా?"

"రేపు ఎంతమంది వస్తున్నారు?"

"ఆరువందలు. ఇంకా నాలుగు తలుపులున్నాయిగా, అటు పోతారు."

"పోతారా?"

"ఎందుకు పోరు? ఎర్రరంగుతో బోర్డులు కూడా రాయించాను."

ఉస్తాద్ కుర్చీల వైపు చెయ్యి చూపించాడు. "తూర్పు వైపు మూడో వరుసలో కూర్చో. దీపాలు ఆర్పుతాను. పొగ వాసన తగలగానే లేచి బయటికి రా."

చలమయ్య నవ్వాడు. "ఈ వయసులో దాగుడుమూతలా ఉస్తాద్?"

"కూర్చోరా."

దీపాలు ఆరాయి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. కాసేపటికి ఎక్కడో తడి గోనెసంచి కాలుతున్న వాసన వచ్చింది. చలమయ్య తీరిగ్గానే లేచాడు. పొగ గొంతులోకి దిగింది. దగ్గు వచ్చింది, ఆగలేదు. కాలు కుర్చీకి తగిలి బోర్లాపడ్డాడు. లేచేసరికి ఎటు తిరిగి ఉన్నాడో తెలియలేదు. తడుముకుంటూ పరిగెత్తాడు. చేతికి కర్ర తగిలింది. తలుపు! తోశాడు. గుద్దాడు. "ఉస్తాద్! ఉస్తాద్!" అని అరిచాడు. గోళ్లతో రక్కాడు. వెనక్కి వెళ్లి కుడిభుజంతో ఢీకొట్టాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ. ఏదో ఫెళ్లుమంది. అది కర్రో ఎముకో అతనికి తెలియలేదు.

దీపాలు వెలిగాయి. తూర్పు తలుపు కింద చలమయ్య కూలబడి ఉన్నాడు. తలుపు మీద నెమలి మెడ నిలువునా చీలింది. వెనకవైపు, వెలుగు రాకుండా వేసిన నల్లతెర అవతల, పెద్ద తలుపు బార్లా తెరిచే ఉంది. అక్కడినుంచి ఉస్తాద్ మెల్లగా నడిచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ తలుపు తీసే ఉంచాను. మేకులు కొట్టించింది నువ్వే. ఇటెందుకు వచ్చావు?"

చలమయ్య కుడిభుజం పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"దగ్గర కదా ఉస్తాద్."

"రేపొచ్చేవాళ్లకీ దగ్గరే."

ఆ సాయంత్రమే మేకులు పీకించాడు. మర్నాడు ఆట జరిగింది, రీలు మాత్రం ఇంకెవరో ఎక్కించారు. చలమయ్య భుజం అతుక్కుంది గానీ కుడిచెయ్యి మళ్లీ తల దాకా లేవలేదు. ఆ మెషిన్‌లో రీలు తగిలించే పై చక్రం మనిషి తలకన్నా ఎత్తున ఉంటుంది. బతికున్నన్నాళ్లూ అతను దాని మీద ఒక్క రీలు కూడా ఎక్కించలేకపోయాడు.