నిద్రపోకూడని గ్యాసు బండ

బొబ్బిలి అవతల ఒక ఊళ్ళో సింహాద్రి, అతని భార్య నూకాలు, తమ్ముడు అప్పన్న ఒకే ఇంట్లో ఉండేవారు. ముగ్గురికీ తమ తెలివంటే మహా గొప్ప. "ఏదైనా ఒక్కసారి చెబితే చాలు, అక్షరం పొల్లుపోకుండా చేసేస్తాం. ఇలాంటి బుర్రలు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడున్నాయి?" అని రోజూ అన్నం తింటూ ఒకరినొకరు మెచ్చుకునేవారు.

ఒకసారి సాలూరు నుంచి వాళ్ళ మేనమామ పైడయ్య కబురు పంపాడు. "మా గౌరిని అప్పన్నకిద్దామనుకుంటున్నాను. ఆదివారం భోజనానికొచ్చి, మీ ఇంటి తీరు చూసి మాటిస్తాను" అని.

అప్పన్నకి గౌరంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం. "అన్నా, ఈ సంబంధం తప్పిపోతే ఎలా?" అని దిగులుపడ్డాడు.

"ఎందుకు తప్పుతుందిరా? మన తెలివి చూశాడంటే రెండో కూతుర్ని కూడా ఇచ్చేస్తాడు!"

"ఆయనకి రెండో కూతురు లేదు గదన్నా."

"అది ఆయన తప్పు, మనదా?" అన్నాడు సింహాద్రి.

వంటిల్లేమో ఇరుకు. అందుకని పెరట్లో పెద్ద గుండిగలో బిరియానీ వండాలనుకున్నారు. పెళ్ళిళ్ళకి వంట సామాను అద్దెకిచ్చే సూరిబాబు ఆదివారం పొద్దున్నే పొయ్యి, గ్యాసు బండ తెచ్చి దించాడు. దించి, వేలు చూపించి మరీ చెప్పాడు.

"బండ ఇంట్లో పెట్టకండి. ఇలా పెరట్లోనే, గాలి తగిలేలా ఉంచండి. నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టారంటే ప్రమాదం. వెలిగించేముందు సబ్బు నురగ రాసి చూడండి, బుడగలు లేచాయంటే లీకున్నట్టే. వంటవుతున్నంతసేపూ ఓ కన్నేసి ఉంచండి. వాసనొచ్చిందా, వెంటనే బండ కట్టేసి దూరంగా వెళ్ళిపోండి. అర్థమైందా?"

"మాకా అర్థం కానిది?" అన్నారు ముగ్గురూ.

సూరిబాబు అటు వెళ్ళాడో లేదో, నూకాలు విసనకర్ర తెచ్చి బండకు విసరడం మొదలెట్టింది. చల్లగా గాలి తగులుతుంటే పక్కనే కూర్చున్న అప్పన్నకి ఆవులింతొచ్చింది.

"అయ్యో వదినా, ఆపు! నాకే నిద్ర ముంచుకొస్తోంది, బండకి రాదా? పడుకోబెట్టొద్దన్నాడు గదా!"

ఇంకేముంది, సింహాద్రి ఇత్తడి పళ్ళెం, గరిటె పట్టుకొచ్చి బండ చుట్టూ తిరుగుతూ డబడబా వాయించాడు. అప్పన్న దాని మూతి మీద చన్నీళ్ళు చల్లాడు. "లే నాయనా, లే! సాయంత్రం పడుకుందువుగాని" అని నూకాలు బతిమాలింది.

పక్కింటి పోలమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏంటర్రా ఈ గోల?" అంది.

"గట్టిగా మాట్లాడకు పిన్నీ, బండ బెదురుతుంది" అన్నాడు సింహాద్రి, పళ్ళెం వాయిస్తూనే.

తర్వాత సబ్బు పని. కొంచెం నురగ ఏం సరిపోతుందని, బిళ్ళ మొత్తం అరిగేదాకా బండకి వీపు తోమినట్టు తోమారు. అంతే, పైనుంచి కిందిదాకా బుడగలే బుడగలు.

"లీకు! ఒళ్ళంతా లీకు!" అని సింహాద్రి గుండె బాదుకున్నాడు.

అప్పన్న తన చేతులు చూసుకుని కెవ్వుమన్నాడు. "అన్నా, నాకూ లీకే! వేళ్ళ సందుల్లోంచి బుడగలొస్తున్నాయి!"

"నాకు గాజుల దగ్గర!" అని నూకాలు ఏడుపు లంకించుకుంది. "పెళ్ళి కాకుండానే మరిది కారిపోతున్నాడు దేవుడో!"

ఏడుస్తూనే బిందెడు నీళ్ళు తెచ్చి మరిది మీదా, బండ మీదా, తన మీదా కుమ్మరించింది. బుడగలు పోయాయి. "హమ్మయ్య, రిపేరైపోయింది!" అని ముగ్గురూ తడిబట్టలతోనే సంబరపడ్డారు.

ఎలాగో పొయ్యి వెలిగించి గుండిగ ఎక్కించారు. ఓ కన్నేసి ఉంచమన్నాడు గనక అప్పన్న రెండో కన్ను అరచేత్తో గట్టిగా మూసుకుని కాపలా కూర్చున్నాడు. కాసేపటికి మాంసం ఉడికింది, పుదీనా, మసాలా కలిసి ఘుమఘుమలు లేచాయి.

అప్పన్న ముక్కు ఎగబీల్చాడు. "అన్నా! వాసన!"

"వాసనే! కట్టేయండర్రా!"

నూకాలు గేదె పలుపు లాక్కొచ్చింది. బండని గుంజకి కట్టేసి, మూడు ముళ్ళూ బిగించి, ముగ్గురూ వీధిలోకి ఉరికారు. సరిగ్గా అప్పుడే పైడయ్య గుమ్మం దగ్గరికొచ్చాడు.

"ఆహా! ఏం వాసనరా!" అన్నాడాయన లొట్టలేస్తూ.

"నీక్కూడా వచ్చిందా మావయ్యా? అయితే పరిగెత్తు!"

అన్నదమ్ములు చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకుపోయారు. ఆయన చెప్పొకటి ఊడిపోయింది, పంచె సగం ఊడింది. వీధి చివర రొప్పుతూ నిలబడి, ఏం జరిగిందో విని, పైడయ్య నెత్తి పట్టుకున్నాడు. అంతలో అప్పన్న వైపు చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఒరేయ్, నీ కన్ను ఎప్పుడు పోయిందిరా?"

"పోలేదు మావయ్యా, ఆపద గడిచేదాకా మూసుంచాను."

పైడయ్య ఒంటి చెప్పుతో వెనక్కి పరిగెత్తాడు. పలుపు పక్కకి నెట్టి, బండ మీది రెగ్యులేటరు తిప్పాడు. మంట టక్కున ఆరింది. "కట్టేయడమంటే ఇదిరా! వాసనంటే గ్యాసు వాసనరా, బిరియానీ వాసన కాదు! ఇల్లు కాల్చుకుంటారర్రా ఎప్పుడో!"

ముగ్గురూ తలలు దించుకున్నారు. అప్పన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి పైడయ్య మనసు కరిగింది. గుండిగ మూత ఎత్తాడు. అదృష్టం, ముక్క మాడలేదు, మెతుకు చెదరలేదు.

"సరేలే. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు మొగుడైతే మా గౌరికీ సుఖమే. మిగతాది అది నేర్పుకుంటుంది. నా పిల్లని మీకే ఇస్తానురా" అన్నాడు. "నాకు ఆకలి దంచేస్తోంది. నూతి దగ్గర కాళ్ళు కడుక్కొస్తాను. ఈలోగా బిరియానీ చల్లారకుండా బాగా కప్పెట్టండి."

"చిత్తం మావయ్యా!" అన్నారు ముగ్గురూ ఉత్సాహంగా.

పైడయ్య నింపాదిగా కాళ్ళూ మొహం కడుక్కుని, కండువాతో తుడుచుకుంటూ వచ్చేసరికి పెరట్లో గుండిగ లేదు. కొత్తగా తవ్విన మట్టి గుట్టగా ఉంది. సింహాద్రి పార మీద ఆనుకుని చెమట తుడుచుకుంటున్నాడు. అప్పన్న మట్టిని కాళ్ళతో తొక్కి గట్టిపరుస్తున్నాడు.

"బిరియానీ ఏదిరా?"

"బాగా లోతుగా కప్పెట్టాం మావయ్యా, ఇక చల్లారే ప్రసక్తే లేదు" అన్నాడు సింహాద్రి. "పైన అరటి పిలక కూడా నాటేశాం."

పైడయ్య అక్కడే చతికిలబడి మట్టిగుట్ట వంక చూస్తుండిపోయాడు.

నూకాలు పిలక మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి, ఆయన ముందు అరిటాకు పరిచింది. "కూర్చో మావయ్యా, ఇంకెంతసేపు! గెల వేయగానే వడ్డించేస్తాను."