ఎడమవైపు ఆటగాడు

బుక్కరాయపల్లి కుర్రాళ్ళ హాకీ జట్టుకు ఓబులేసు అని ఒక కెప్టెన్ ఉండేవాడు, వాడికి తన జట్టులో ఎవరున్నారన్న దానికంటే పక్క జట్టులో ఎవరున్నారన్నదే ఎక్కువగా కనిపించేది.

ఆట మాత్రం బాగా ఆడేవాడు. కర్ర చేతికొస్తే బంతి వాడు చెప్పినట్టు వినేది. కానీ పోటీ ముగిశాక అందరూ సోడాలు తాగుతూ కబుర్లు చెప్పుకుంటుంటే, వాడు అవతలి జట్టు వైపే చూస్తూ కూర్చునేవాడు. "ఆ పొడుగోడు మనకుంటేనా! ఆ ఎర్ర బూట్లోడు మనోడైతేనా!" అనేవాడు.

పక్కనే కూర్చున్న మారెన్న నవ్వేవాడు. "ఉన్నోళ్ళతో ఆడప్పా సామీ, మేం మనుషులం కాదా?" అనేవాడు.

మారెన్న ఆ జట్టులో ఎడమవైపు ఆడేవాడు. ఇద్దరిదీ ఒకటే వీధి. కంపచెట్టు కొమ్మలు వంచి కర్రలు చేసుకుని, గుడ్డ బంతితో ఆడుతూ పెరిగారు. ఓబులేసు బంతిని ఎడమకు కొట్టేటప్పుడు తల తిప్పి చూసేవాడు కాదు. కొడితే చాలు, అక్కడ మారెన్న ఉండేవాడు. ఎలా ఉంటాడో, ఎందుకు ఉంటాడో ఓబులేసు ఏనాడూ ఆలోచించలేదు. ఊపిరి పీల్చుకుంటున్నామని రోజూ ఎవరు గుర్తు చేసుకుంటారు?

ఆ చుట్టుపక్కల ఊళ్ళ జట్లకు ఒక పద్ధతి ఉండేది. ఏడాదికొకసారి ఆఖరి పోటీ అయిపోయి కప్పు ఇచ్చాక, ఆ షామియానా కిందనే ఆటగాళ్ళను మార్చుకునేవాళ్ళు. ఒక ఊళ్ళో గోల్‌కీపర్లు ఎక్కువై ఇంకో ఊళ్ళో ఒక్కడూ లేకపోతే ఆట ఏం బాగుంటుంది? అందుకని ఒకడిని ఇచ్చి ఒకడిని తెచ్చుకోవచ్చు. కెప్టెన్ అడగాలి, సార్లు ఒప్పుకోవాలి, వెళ్ళేవాడు తన నోటితో తాను "సరే" అనాలి. అన్నాక తన జట్టు బనియన్ తానే విప్పి, వచ్చేవాడికి తన చేతులతో తొడగాలి. వెళ్ళినవాడి మీద ఎవరూ కోపం పెట్టుకోకూడదని పెట్టిన పద్ధతి అది. ఒకసారి "సరే" అంటే మాత్రం మాట వెనక్కి పోయేది కాదు. వాడు వెళ్ళి ఆ ఊరి హాస్టల్లో ఉండి, ఆ ఊరి బళ్ళోనే చదువుకుంటూ ఏడాదంతా వాళ్ళకే ఆడాలి. తిరిగి రావాలన్నా మరుసటేడు మళ్ళీ ఇలాగే మార్చుకోవాలి.

ఆ ఏడు కప్పు గౌనిపేట వాళ్ళు కొట్టుకుపోయారు. వాళ్ళ జట్టులో దిలీప్ అనే కుర్రవాడు జింకలా పరిగెత్తాడు. ఓబులేసు కళ్ళు వాడి కాళ్ళ మీదే ఉండిపోయాయి.

"సార్, దిలీప్‌ను అడుగుదాం సార్," అన్నాడు ఆట నేర్పే జిలాన్ సారుతో.

"అడగొచ్చు. బదులుగా వాళ్ళెవర్ని అడుగుతారో?"

"ఎవర్ని అడిగినా ఇచ్చేద్దాం సార్."

గౌనిపేట వాళ్ళు మారెన్నను అడిగారు.

ఓబులేసు ఒకసారి మారెన్న వైపు చూశాడు. మళ్ళీ దిలీప్ కాళ్ళ వైపు చూశాడు. మెల్లగా మారెన్న దగ్గరికి వెళ్ళాడు.

"మారీ, వాళ్ళు నిన్ను అడుగుతున్నారు."

"నువ్వేమన్నావ్?"

"జట్టు కోసం కదరా..."

"జట్టు సంగతి కాదు నేనడిగేది. నువ్వు పొమ్మంటున్నావా?"

ఓబులేసు తల వంచుకుని కర్రతో మన్ను గీకాడు. "ఒక్క ఏడాదే కదరా," అన్నాడు.

మారెన్న "సరే," అన్నాడు. బనియన్ విప్పి దిలీప్‌కు తొడిగి, భుజాల దగ్గర ముడతలు కూడా సరిచేశాడు. సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయాడు.

దిలీప్ నిజంగానే జింక. కానీ ఓబులేసు కొట్టిన బంతి ఎప్పుడూ దిలీప్‌కు వెనకాలే పడేది. ఓబులేసు చేతులు మారెన్న నిలబడే చోటికే కొట్టేవి. దిలీప్ అప్పటికే ముందుకు దూసుకుపోయి ఉండేవాడు.

"అంత ముందుకు ఎందుకు పోతావురా?"

"నువ్వొకసారి చూసి కొట్టన్నా. చెయ్యెత్తుతున్నా కదా!"

"మారెన్నకైతే చెయ్యెత్తే పనే లేదు," అనేవాడు ఓబులేసు.

దిలీప్ వెళ్ళి పోయిన బంతిని తెచ్చిచ్చేవాడు. ఒకరోజు మాత్రం ఆట అయ్యాక దగ్గరికొచ్చి, "మారెన్న యాడ నిలబడేవాడో చూపించన్నా. నేనూ ఆడనే నిలబడతా," అన్నాడు.

"అది చూపిస్తే వచ్చేది కాదులే," అన్నాడు ఓబులేసు.

ఓబులేసుకు ఊరంతా ఖాళీ అయిపోయినట్టుండేది. గౌనిపేట వైపు నుంచి బస్సు వచ్చే వేళకు స్టాండుకు వెళ్ళేవాడు. బొరుగుల ఉగ్గాని తినడానికి వచ్చినట్టు పొట్లం పట్టుకుని నిలబడేవాడు. దిగినవాళ్ళందరినీ చూసేవాడు. మారెన్న రాడని తెలుసు. అయినా ఆఖరి మనిషి దిగేదాకా చూసేవాడు. ఉగ్గాని చల్లారిపోయేది.

ఆదివారం హాస్టల్ వార్డెన్ ఫోన్‌కు చేస్తే మారెన్న మాట్లాడేవాడు.

"ఏం తిన్నావురా?"

"రాగిసంకటి. నువ్వు?"

"తిన్నాలే. ఇంకేం?"

"ఏముంది. ఆటకు పిలుస్తున్నారు, పెట్టేస్తా."

మారెన్న ఫోన్ పెట్టేశాక కూడా ఓబులేసు దాన్ని చెవి దగ్గరే పట్టుకుని ఉండేవాడు. చెప్పాలనుకున్నవి అప్పుడు గుర్తొచ్చేవి. నువ్వు లేక ఏం బాగలేదురా అని చెప్పాలనుకునేవాడు. ఏ ఆదివారమూ చెప్పలేకపోయాడు.

బడిలో, మైదానంలో, టీకొట్టు దగ్గర, ఎక్కడ కూర్చున్నా మారెన్న కబుర్లే చెప్పేవాడు. దిలీప్ కొంతసేపు విని, కర్ర చంకలో పెట్టుకుని ఒక్కడే హాస్టల్‌కు వెళ్ళిపోయేవాడు. ఈ ఏడు గడిస్తే చాలు, షామియానా కింద మారెన్నను వెనక్కి అడిగి తెచ్చుకుంటా, ఇదొక్కటే ఓబులేసు మనసులో ఉండేది.

ఏడాది తిరిగింది. ఆఖరి పోటీ బుక్కరాయపల్లిలోనే జరిగింది. అవతల గౌనిపేట. మారెన్నను వాళ్ళు ఈసారి గోలుకు ముందు అడ్డుకునే వరసలో, సరిగ్గా ఓబులేసుకు ఎడమ పక్కన కనిపించేచోట నిలబెట్టారు.

ఆట హోరాహోరీగా సాగింది. రెండు జట్లవీ సమానంగా గోల్స్. కాసేపట్లో ఆట అయిపోతుందనగా బంతి ఓబులేసుకు చిక్కింది. ముందు నుంచి ముగ్గురు మీదికొచ్చారు. ఎడమవైపు దిలీప్ ఒక్కడే ఉన్నాడు, వాడి చుట్టూ ఎవరూ లేరు. "అన్నా! అన్నా!" అని చెయ్యెత్తి అరుస్తున్నాడు. ఓబులేసు అటు చూశాడు. దిలీప్‌కు అవతల నిలబడ్డ మనిషి కనిపించాడు. ఆ నిలబడే తీరు, కాస్త వంగిన ఆ భుజం. ఏడాదిగా వెతుక్కుంటున్న మనిషి. ఆలోచించే లోపలే చేతులు కదిలాయి. బంతి సూటిగా వెళ్ళి మారెన్న కర్రకు తగిలింది.

మారెన్న ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత తన జట్టు ముందు వరసకు కొట్టాడు. వాళ్ళు గోలు వేశారు. ఆట అయిపోయిందని ఈల ఊదారు.

"ఏం కెప్టెనప్పా!" అని గట్టు మీద నుంచి ఎవరో అరిచారు. "ఆ జట్టోనికి పాసిచ్చినాడు! బనియన్ రంగు కనపళ్ళేదా?"

"అద్దాలు కొనియ్యండప్పా!" అన్నారు ఇంకెవరో. జనం నవ్వారు.

ఓబులేసుకు ఓడిపోయామన్న బాధ కూడా పెద్దగా లేదు. షామియానా కింద టీ గ్లాసులు తిరుగుతుండగానే జిలాన్ సారు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, మారెన్నను వెనక్కి అడుగుదాం."

జిలాన్ సారు వాడి మొహంలోకి చూశాడు. "అడుగుదాం. ముందు దిలీప్‌ను అడుగు. పోయేది వాడు కదా."

దిలీప్ ఒక మూల కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. ఓబులేసు వెళ్ళి, "దిలీప్, నిన్ను వేరే జట్టుకు..." అని మొదలుపెట్టాడు.

"సరేన్నా," అన్నాడు దిలీప్. మాట పూర్తి కానివ్వలేదు. తల కూడా ఎత్తలేదు.

ఓబులేసు సంతోషంగా మారెన్న దగ్గరికి పరిగెత్తాడు. "మారీ, దిలీప్ ఒప్పుకున్నాడురా! నువ్వు సరే అంటే చాలు. వచ్చేయ్, ఇంటికి పోదాం."

మారెన్న వాడి చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. "నేను రాను ఓబీ," అన్నాడు.

"కోపమా?"

"కోపం కాదురా. ప్రతి ఆదివారం నీ ఫోన్ కోసం వార్డెన్ గది ముందే కూర్చునేవాణ్ణి. అయినా రాను."

"ఎందుకురా మరి?"

"అక్కడ కూడా మొదట్లో నాకెవరూ పాసియ్యలేదు. వాళ్ళ కెప్టెన్ సుభాన్ రోజూ నా పక్కన కూర్చుని తిన్నాడు. నువ్వు యాడ నిలబడతావో చెప్పు, నేను నేర్చుకుంటా అన్నాడు. అట్లాంటోణ్ణి వదిలి ఎట్ల వచ్చేది? ఇంకొకటి చెప్తా, ఏమనుకోవద్దు. ఇందాక నువ్వు నాకు పాసిచ్చినప్పుడు నాకు సంతోషం కాలేదు. నా ముందర దిలీప్ చెయ్యెత్తుకుని నిలబడి ఉన్నాడు. బంతి పక్కనుంచి పోయినాక ఇటు తిరిగినాడు. వాని మొహం చూసినా. పోయినేడు ఈ షామియానా కింద నా మొహం కూడా అట్లే ఉండింటుంది."

నువ్వు లేక ఏం బాగలేదురా అన్న మాట ఇప్పుడు కూడా ఓబులేసు గొంతులోనే ఉండిపోయింది. వెనక్కి తిరిగి దిలీప్ కోసం చూశాడు. ఆ మూల ఎవరూ లేరు.

ఈలోపల సింగనకోట జట్టువాళ్ళు దిలీప్‌ను అడిగేశారు. తమ దగ్గర ఎక్కువైన గోల్‌కీపరును ఇస్తామన్నారు. ఏ జట్టుకని కూడా అడగకుండా దిలీప్ ఎప్పుడో "సరే" అన్నాడు కాబట్టి జిలాన్ సారు ఒప్పుకున్నాడు. ఓబులేసు వెళ్ళేసరికి దిలీప్ తన బనియన్‌ను ఆ గోల్‌కీపరుకు తొడుగుతున్నాడు.

"దిలీప్, ఉండిపోరా! మారెన్న రానన్నాడు," అన్నాడు ఓబులేసు.

"ఆయన వచ్చింటే?" అన్నాడు దిలీప్.



మర్నాడు పొద్దున దిలీప్ సింగనకోట బస్సు కోసం బస్టాండులో సంచీ, కర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఓబులేసు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏడాదంతా ఒకే జట్టులో ఆడినవాడు. వాడి గురించి తెలిసింది ఒక్కటే, వేగంగా పరిగెత్తుతాడని.

"దిలీప్, మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగాడు.

దిలీప్ ఆశ్చర్యంగా చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. "ఇప్పుడడిగితే ఎట్లన్నా," అన్నాడు లేచి సంచీ భుజాన వేసుకుంటూ. "బస్సొచ్చేసింది."

బస్సు మలుపు తిరిగేదాకా ఓబులేసు చూస్తూనే ఉన్నాడు.

నీతి: దూరంగా ఉన్నవాళ్ళ మీద ఆశతో పక్కనున్నవాళ్ళను చూడకపోతే, వాళ్ళు కూడా దూరమైపోతారు. కాబట్టి పిల్లలూ, మన పక్కన నిలబడినవాళ్ళను మనం ముందు చూడాలి.