ఈగపిట్టమ్మ గుడిలో ధూపం ఎందుకు వేయరు

పొన్నలదీవిలో పడవ దిగిన భక్తులకు గుడికన్నా ముందు ఈగపిట్ట కనిపిస్తుంది. ఈ బూడిదరంగు పిట్ట కొమ్మ మీంచి ఎగిరి, గాలిలోనే ఈగను పట్టి, మళ్ళీ అదే కొమ్మ మీద వాలుతుంది. ఈ దీవిలో తప్ప లోకంలో మరెక్కడా ఇది కానరాదు. ఇక్కడ వెలసిన ఈగపిట్టమ్మ తల్లికి అగరువత్తులు, సాంబ్రాణి నిషిద్ధం. తెచ్చినవారు పడవలోనే వదిలి రావలెను. అర్చకులతో వాదించవద్దు, అమ్మతో అసలే వద్దు.

పూర్వం ఇక్కడ చేపలు ఎండబెట్టుకునే జాలరులు కాపురముండేవారు. వారిలో మసేనమ్మ అనే ఇల్లాలికి లేకలేక పైడమ్మ పుట్టింది. పసిదాని కళ్ళు పుసులుకట్టి వాచాయి. ఎండుచేపల మీది ఈగలన్నీ ఆ కళ్ళమీదే ముసిరేవి. కంటికి రెప్పలా చూసుకుందామంటే ఆ రెప్పలే విచ్చుకోవాయె! తల్లి ప్రాణం ఊరుకుంటుందా? పొన్నచెట్ల కింద పచ్చి వేపాకు, కొబ్బరిపీచు వేసి రాత్రింబవళ్ళు పొగబెట్టింది.

ఆ చెట్లలోనే ఈగపిట్టల గూళ్ళున్నాయి. పొగకు తాళలేక పిట్టలు దీవి చివరి రాళ్ళకు పోయాయి. గాలి మళ్ళగానే ఈగలు రెట్టింపై వచ్చాయి. పిల్ల ఎడమకన్ను పోయింది. ఏడ్చి ఏడ్చి మసేనమ్మ పట్టపగలే కునుకు తీయగా, కలలో అమ్మవారు నిలిచి, "నా కాపలావాళ్ళను తరిమేసి, నన్ను కాపాడమంటే ఎలాగే?" అని అడిగింది.

మసేనమ్మ లేచి బిందెడు నీళ్ళు మంట మీద కుమ్మరించింది. కులపెద్ద అప్పన్న పరుగున వచ్చి, "ఓలమ్మీ, మతి పోనాదేటి? పొగ లేకపోతే ఈగలు మనల్ని బతకనిత్తాయా?" అని కేకలేశాడు.

"పొగెట్టి ఒక కన్ను పోగొట్టినాను బావా! రెండోదీ పోతే నేను బతకను. మంట జోలికి రాకండి!"

పిల్లను ఒళ్ళో వేసుకొని, కొంగుతో ఈగలు తోలుతూ ఆ బూడిద పక్కనే కూర్చుంది. పిట్టలు తిరిగి వచ్చేదాకా కదలలేదు. అవి వచ్చాక ఈగలు తగ్గాయి, కుడికన్ను దక్కింది. తొలిపిట్ట వాలిన రాతికే పసుపు పూసి అమ్మగా కొలిచారు.

పైడమ్మే తొలి పూజారి అయింది. మసేనమ్మ మాత్రం బిడ్డ కన్ను పోగొట్టానన్న సిగ్గుతో గుడి గడప దాటేది కాదు. ఒకనాడు కూతురు బయటికి వచ్చి, ఆమె కుడిచేయి పట్టుకొని, "మంట ఆర్పింది ఈ చెయ్యే కదే అమ్మా!" అంటూ తన రెండు కళ్ళకూ అద్దుకుంది. మసేనమ్మ బావురుమంది.

కంటిజబ్బు పిల్లలతో వచ్చే తల్లులు నేటికీ గడప బయటే ఆగుతారు. అర్చకుడు బయటికి వచ్చి, ముందుగా ఆ తల్లి చేతిని కళ్ళకద్దుకొని, ఆమెను లోపలికి తీసుకువెళ్తాడు.